ఫిర్యాల్ టీచరు కాఫీ ఆట

కరక్‌లో ఆడపిల్లల బడికి వెళ్లే వీధి ఎంత నిటారుగా ఉంటుందంటే, పైకెక్కేసరికి ఎవరికైనా కోపం సగం దిగిపోతుంది. మిగతా సగం దించడానికి అక్కడ ఫిర్యాల్ టీచరు ఉండేది.

నాలుగో తరగతి ఆవిడది. లెక్కలు చెప్పేది, అరబ్బీ పాఠాలు చెప్పేది. కానీ ఊళ్లో పేరొచ్చింది వాటివల్ల కాదు. పిల్లకు కోపమొస్తే పిడికెడు రొట్టెపిండి చేతిలో పెట్టి, "కొట్టాలనుంటే దీన్ని కొట్టు, దాన్ని కాదు" అనేది. ఆ పిల్ల గుద్ది గుద్ది అలిసిపోయాక, ఆ పిండినే చలికాలపు పొయ్యి మీద కాల్చి, ఎవరి మీద కోపమొచ్చిందో వాళ్లకే సగం పెట్టించేది. కిటికీ కింద ఒక దిండు ఉండేది. ఏడుపొచ్చిన పిల్ల వెళ్లి దాని మీద కూర్చోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. చెవి-నోరు అని ఇంకో ఆట. ఇద్దరు జతగా కూర్చుంటారు. నోరైన పిల్ల మనసులో ఉన్నది చెబుతుంది, చెవైన పిల్ల వింటుంది. చెవికి నోరుండదు, అదే ఆ ఆటకు మొదటి నియమం.

"మా అమ్మాయి ఫిర్యాల్ టీచరు క్లాసులో పడింది" అని తల్లులు రొట్టెల కొట్టు దగ్గర గొప్పగా చెప్పుకునేవారు. మిగతా టీచర్లకు ఇది మింగుడుపడేది కాదు. "మేం చదువు చెబుతాం, ఆవిడ రొట్టెలు కాలుస్తుంది" అనేవారు. ఫిర్యాల్ వినీ విననట్టు నవ్వేసేది. పెళ్లి చేసుకోలేదు, ముసలి తల్లిని చూసుకుంటూ, ఏటా ముప్పైమంది కూతుళ్లను కన్నట్టు బతికింది. కాస్త గర్వం ఉండేది, అది దాచడం ఆవిడకు చేతనయ్యేది కాదు.

అన్నిటికన్నా పేరుమోసింది కాఫీ ఆట. ఆ ఊళ్లో ఎవరైనా ఎవరికైనా అన్యాయం చేస్తే, చేసినవాడి తరఫున పెద్దలు కూడి, జాహా కట్టి, అంటే రాజీ అడిగే గుంపుగా, నష్టపోయినవాళ్ల ఇంటికి వెళతారు. ఇంటాయన చేదు కాఫీ పోయిస్తాడు. పెద్దాయన ఆ కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుని అడగవలసింది అడుగుతాడు. ఇంటాయన "కాఫీ తాగండి, మీరొచ్చిన పని అయిపోయింది" అంటేనే తాగుతారు. అప్పటికి తగవు తీరిపోయినట్టు. తాగకుండా లేచిపోయారంటే ఆ ఇంటికది తరాలపాటు మచ్చ. ఫిర్యాల్ దీన్నే పిల్లల మధ్యకు తెచ్చింది. బుల్లి కప్పులు, ఇత్తడి కూజా, అందులో ద్రాక్షపాకం కలిపిన వేడినీళ్లు. పెన్సిలు విరిచిన పిల్ల నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని, పెన్సిలు పోయిన పిల్ల ముందు పెద్దరికంగా కూర్చునేది. "కాఫీ తాగండి" అనేసరికి అందరూ ఒక్కసారిగా జుర్రేవారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో చెప్పలేం.

ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ ఫిర్యాల్ తన తమ్ముడి కథ చెప్పేది. మాజిద్‌కు తొమ్మిదేళ్లప్పుడు, రోడ్డు దాటుతుంటే గొర్రెల లారీ గుద్ది చనిపోయాడు. మూడో రోజు లారీ డ్రైవరు తరఫున ఊరి పెద్దలంతా వచ్చారు. వాళ్ల నాన్న ఏడుస్తూనే లేచి నిలబడి "కాఫీ తాగండి" అన్నాడు. పైసా పుచ్చుకోలేదు. "అంత పెద్ద మనసు మా నాన్నది" అని ఆవిడ కళ్లు తుడుచుకునేది. పిల్లలూ తుడుచుకునేవారు. అప్పటికి ఫిర్యాల్‌కు పన్నెండేళ్లు. ఇప్పుడు యాభై దాటాయి. నలభై ఏళ్లుగా ఆ కథ ఆ ఇంటికి పెట్టని కోటలా ఉంది.

ఆ శీతాకాలం రాజధాని అమ్మాన్ నుంచి విద్యాశాఖ పెద్దలు ఆ ఆట చూడ్డానికి వస్తున్నారని హెడ్‌మిస్ట్రెస్ నవాల్ చెప్పింది. "ఉత్తుత్తి పెన్సిలు తగవులు పెట్టకు ఫిర్యాల్. నిజమైనదేదైనా చూడు" అంది. నిజమైనది అప్పటికే చేతిలో ఉంది. రనీమ్, జుమానాల తగవు.

ఇద్దరూ ఒకే బెంచీ. చెవి-నోరు ఆటలో రనీమ్ నోరు, జుమానా చెవి. రనీమ్ ఏదో చెప్పింది, జుమానా బయటపెట్టేసింది. ఫిర్యాల్‌కు తెలిసింది అంతే. ఏం చెప్పిందో ఆవిడ అడగలేదు, ఆటలో మాట అడగకూడదని తనే పెట్టిన నియమం. అప్పటినుంచి ఏం జరిగిందో కూడా అడగలేదు, దానికి మాత్రం నియమం అడ్డులేదు.

గురువారం బడి వదిలాక రనీమ్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. మాట్లాడే ముందు స్వెట్టరు చేతులు లాక్కుంటూ ఉంటుంది.

"మిస్, నాకు జాహా వద్దు."

"ఎందుకమ్మా? జుమానా పాపం ఎంత బాధపడుతోందో తెలుసా?"

"తెలుసు. అయినా వద్దు."

"నువ్వు మంచి పిల్లవి రనీమ్. ఆదివారానికి నీ మనసే చెబుతుందిలే" అని ఫిర్యాల్ దాని బుగ్గ నిమిరింది. నిమురుతూనే అట్టపెట్టెలో కప్పులు సరిపోతాయా లేదా అని చూసుకుంటోంది. తర్వాత రోజుల్లో ఆవిడకు ఎక్కువగా గుర్తొచ్చి చంపింది ఇదే. బుగ్గ మీద ఒక చెయ్యి, కప్పుల మీద ఒక కన్ను.

శుక్ర, శనివారాల సెలవు అయ్యాక ఆదివారం బడి తెరిచారు. అమ్మాన్‌వాళ్లు ముగ్గురు వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. నవాల్ తలుపు దగ్గర నిలబడింది. నేల మీద తివాచీ పరిచారు. జుమానా తరఫున పెద్దరికానికి క్లాసులో గట్టి గొంతున్న పిల్లను పెట్టారు. ఆ పిల్ల తాతగారిని చూసి నేర్చుకున్నట్టుంది, గొంతు సవరించుకుని, "మేం మీ గడప తొక్కింది మంచి కోసం. మా పిల్ల నోరు జారింది. మీ పెద్దరికం ముందు తలవంచుకుని వచ్చాం" అని అప్పజెప్పింది. వచ్చినవాళ్లు మురిసిపోయారు. రనీమ్ కూజా ఎత్తి కప్పులు నింపింది. జాహా పిల్లలు కప్పులు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. జుమానా తల ఎత్తలేదు.

రనీమ్ ఏమీ అనలేదు.

ఫిర్యాల్ ముందుకు వంగింది. "రనీమ్, కప్పులు చల్లారిపోతున్నాయమ్మా."

"చూశాను మిస్."

"మరి ఏమంటాం మనం?"

"వాళ్లకు దాహమేస్తే తాగమనండి. నేను అనను."

వెనక బెంచీలో ఎవరో గొంతు సవరించుకున్నారు. నవాల్ ఫిర్యాల్‌ వంక చూసింది. ఫిర్యాల్‌కు ఒళ్లంతా వేడెక్కింది. అది సిగ్గనుకుంది ఆవిడ, కానీ సిగ్గు కాదు, పంతం. అసలు సిగ్గు ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. నలుగురూ వినేలా అంది:

"కరక్‌లో జాహాను దాహంతో పంపిన ఇల్లు ఎక్కడైనా ఉందా? మా నాన్న, కడుపున పుట్టిన కొడుకు రక్తాన్నే ఒక్క కప్పు కాఫీకి వదిలేశాడు. నువ్వొక మాట వదల్లేవా? ఇంత చిన్న మనసా నీది?"

పదేళ్ల పిల్లతో ఈ మాటలు. రోజూ "ఎవరి మనసునీ చిన్నదనకూడదు" అని పాఠం చెప్పే నోటితోనే ఈ మాటలు.

రనీమ్ స్వెట్టరు చేతులు లాక్కుంది. ఎదురుచెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగింది.

"మరి మీ అమ్మగారేమన్నారు మిస్?"

ఫిర్యాల్‌కు ఆ ప్రశ్న కొత్త. ఇన్నేళ్లుగా ఇన్ని తరగతులకు చెప్పింది, ఏ పిల్లా అడగలేదు. ఆ కథలో నాన్న ఉన్నాడు, పెద్దలున్నారు, డ్రైవరున్నాడు, లారీలో గొర్రెలు కూడా ఉన్నాయి. అమ్మ లేదు.

"అమ్మ... అమ్మ లోపలుంది. కాఫీ కాచింది" అంది.

రనీమ్ కూజా కింద పెట్టింది. తర్వాత తివాచీ వైపు తిరిగి, "కాఫీ తాగండి, మీరొచ్చిన పని అయిపోయింది" అంది. బస్సులో కండక్టరు ఊరి పేరు చెప్పినట్టు అంది. పిల్లలు జుర్రారు. అమ్మాన్‌వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకావిడ ఫిర్యాల్ చేతులు పట్టుకుని, ఇది అన్ని బళ్లలోనూ పెట్టించాలి అంది. ఫిర్యాల్ నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఎంతసేపున్నదో, దాన్ని ఎలా దించాలో ఆవిడకు తెలియలేదు.

వాళ్లు వెళ్లాక జుమానా కిటికీ కింద దిండు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకని అడగకూడదు. ఫిర్యాల్ అడగలేదు, పక్కన కూర్చుంది. జుమానాయే చెప్పింది.

"నేను మా అమ్మకొక్కదానికే చెప్పాను మిస్. మా అమ్మ అందరికీ చెప్పేసింది."

"ఏమని?"

"రనీమ్ వాళ్లమ్మ అలిగి పుట్టింటికి వెళ్లిపోయిందని. శుక్రవారం వాళ్ల నాన్న ఆవిడ ఊరు తఫీలా వెళ్లి నెమ్మదిగా తీసుకొచ్చేద్దామనుకున్నాడట. ఎవరికీ తెలియకముందే. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కదా. మంగలి షాపులో ఎవరో, అన్నం నువ్వే వండుకుంటున్నావా గాలిబూ అన్నారట. ఇక వెళ్లనన్నాడట. ఊరికి భయపడి వెళ్లాడంటారు, నేను వెళ్లను అన్నాడట." జుమానా ముక్కు తుడుచుకుంది. "కాఫీ తాగేటప్పుడు అది నా వంక చూడలేదు మిస్. తాగమంది కానీ చూడలేదు."

ఫిర్యాల్ తన లెక్క చూసుకుంది. ఆ ఆట తనది. ఆ చెవిని నమ్ము అని రనీమ్‌కు చెప్పింది తను. ఒక ఇల్లాలు తన ఇంటికి రాకుండా ఆగిపోవడానికి దారి వేసింది తను. ఆ పైన ఆ పిల్ల చేతే కూజా ఎత్తించి, పరాయివాళ్ల ముందు మనసు చిన్నదని తిట్టింది. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. నేల చీలలేదు. గంట కొట్టారు, ఐదో తరగతివాళ్లు గోల చేసుకుంటూ దిగిపోయారు.

ఇంటికెళ్లేసరికి తల్లి తమామ్ ఎండ పడే గుమ్మంలో కూర్చుని ఆకుకూర తుంచుతోంది. ఎనభై దాటిన మనిషి, చెవులు సగం వినపడవు, మాట మాత్రం పదునే. ఫిర్యాల్ పక్కన కూలబడింది. పొద్దున కాచిన కాఫీ కూజా అక్కడే ఉంది. తమామ్ కాఫీ తాగదు. కడుపులో మంటంటుంది. ఊళ్లో కాఫీ ముట్టని ముసలమ్మ ఆవిడొక్కతే. చుట్టాలు వేళాకోళమాడితే, మా అమ్మది పట్నంవాళ్ల నాజూకు కడుపు అని ఫిర్యాల్ కూడా నవ్వేది.

"అమ్మా, మాజిద్ పోయినప్పుడు జాహా వచ్చింది కదా. నువ్వేమన్నావు?"

"ఏంటి?"

"నాన్న కాఫీ తాగండన్నాడు కదా. అప్పుడు నువ్వేమన్నావని."

తమామ్ ఆకు తుంచడం ఆపలేదు. "ఎవరడిగారే నన్ను?"

"అడిగితే ఏమనేదానివి?"

"ఇప్పుడెందుకు?"

"చెప్పమ్మా."

ముసలమ్మ ఇంకో కాడ అందుకుంది. "వద్దు అనేదాన్ని. అప్పుడే వద్దు, ఏడాది ఆగండి అనేదాన్ని. వాడి చొక్కా ఇంకా దండెం మీదే ఉంది. ఉతికింది నేనే. అది ఆరలేదు, వీళ్లు వచ్చేశారు. మీ నాన్న లోపలికొచ్చి, కాఫీ పెద్ద గిన్నెతో కాయి, నలభైమంది ఉన్నారన్నాడు. కాచాను. తర్వాత అందరూ ఒక్కసారిగా తాగారు. ఆ జుర్రిన చప్పుడు వంటింట్లోకి వినపడింది." కాడ తుంచింది. "చెవులు పోయాయి కానీ ఆ చప్పుడు పోలేదు. మీ నాన్న మంచివాడే. ఆయన్నేమీ అనకు."

"అందుకేనా నువ్వు కాఫీ..."

"కడుపులో మంటన్నాను కదా" అంది తమామ్. "అబద్ధం చెప్పలేదు."

ఫిర్యాల్ తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఎన్ని తరగతులకు చెప్పుకుంది ఈ కథ, ఎంత ముచ్చటగా చెప్పుకుంది. ఇంట్లో నలభై ఏళ్లుగా ఒక మనిషి కాఫీ ముట్టకుండా తిరుగుతుంటే, పిల్లల మనసులు చదివే ఈ మహాతల్లి దాన్ని కడుపుమంట అనుకుంది. తమామ్ కూతురి తల నిమురుతూ, "లే, ఆకుకూర నలిగిపోతుంది" అంది.

సోమవారం రనీమ్ బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. నవాల్ పిలిచి, ఆట ఎలా ఆడించాలో అమ్మాన్ నుంచి వచ్చినవాళ్లు రాసిమ్మంటున్నారని చెప్పింది. ఫిర్యాల్ ఇవ్వనంది. "ఆ రోజు అక్కడ ఎవరూ ఎవరినీ క్షమించలేదు. నేను ఒక పిల్ల మెడ వంచాను" అంది. నవాల్, "చప్పట్లు కొట్టారు కదే" అంది పాపం, నిజంగానే అర్థం కాక.

మరి రనీమ్ దగ్గరికి ఎలా వెళ్లాలి? ఆ ఊళ్లో తప్పు చేస్తే ఒక్కటే దారి, నలుగురు పెద్దల్ని వెంటేసుకుని వెళ్లడం. ఆ దారే కదా ఇక్కడిదాకా తెచ్చింది. ఫిర్యాల్ ఒంటరిగా వెళ్లింది. చేతిలో మిఠాయి పెట్టె కూడా లేదు. పెట్టె ఇస్తే అదీ ఒక అడగడమే అవుతుందని.

రనీమ్ నానమ్మ ఉమ్ గాలిబ్ తలుపు తీసింది. "రా టీచరమ్మా, రా. పిల్లకు జలుబు, అంతే. రేపు పంపిద్దామనుకుంటున్నా" అంటూ లోపల కూర్చోబెట్టింది. నీళ్ల ట్యాంకరు నడిపే కొడుకు ఇంకా రాలేదు. రనీమ్ ఆ మూల దుప్పటి కప్పుకుని కూర్చుంది. జలుబేమీ ఉన్నట్టు లేదు. కాఫీ వచ్చింది. ఫిర్యాల్ కప్పు అందుకుంది, చెయ్యి దానంతటదే కప్పును కింద పెట్టబోయింది.

"ఏదో పని మీదే వచ్చావు" అంది ఉమ్ గాలిబ్, చూస్తూ. "సరేలే, తాగు. అయిపోయిందనుకో."

ఫిర్యాల్ చెయ్యి గాలిలో ఆగింది. మళ్లీ అదే. అడగకముందే, ఆ పిల్లకు తెలియకముందే, ఇంకొకరు ఇచ్చేస్తున్నారు. ఆ కప్పు కింద పెడితే ఆ పిల్ల మెడ మీద పెట్టినట్టే. పొగలు కక్కుతున్న కాఫీని ఒక్క గుక్కలో తాగేసింది. నాలుక కాలింది. ఇక చాలన్నట్టు కప్పు ఊపి చేతిలోనే ఉంచుకుంది. ఉమ్ గాలిబ్ నోరెళ్లబెట్టింది.

"అడగడానికి రాలేదు పిన్నీ. చెప్పడానికొచ్చాను, రనీమ్‌కి." అటు తిరిగింది. తల ఎత్తడం కష్టమైంది. "వద్దన్నావు, నేను వినలేదు. ఏం జరిగిందో అడగలేదు. వచ్చినవాళ్ల ముందు నిన్ను చిన్నబుచ్చాను. ఆ రోజు చిన్న మనసు నీది కాదమ్మా, నాది. నాకు సిగ్గుగా ఉంది."

"అయ్యో, పిల్లదానికి నువ్వు చెప్పుకోవడమేంటి టీచరమ్మా?" ఉమ్ గాలిబ్ గాభరా పడిపోయింది. "ఏమే, క్షమించానని చెప్పవే. టీచరే ఇంటికొస్తే అలా చూస్తావేంటి?"

"పిన్నీ, నీ చెయ్యి పట్టుకుంటాను, ఆ మాట దానితో అనిపించకు."

రనీమ్ దుప్పటి అంచు లాక్కుంది.

"మీ అమ్మగారిని అడిగారా మిస్?"

"అడిగాను."

"ఏమన్నారు?"

"వద్దు అనేదాన్నంది. కానీ ఎవరూ అడగలేదట."

రనీమ్ తలాడించింది, ముందే తెలిసినట్టు. "నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీ."

"జుమానా మీద కూడా."

"సరే."

"నాన్న మీద ఎక్కువ." నానమ్మ చేతిలో జపమాల ఆగింది. రనీమ్ అటు చూడకుండానే చెప్పింది. "అందరూ నాన్నను వెళ్లమంటారు, లేకపోతే వెళ్లొద్దంటారు. మా అమ్మకు రావాలనుందో లేదో ఎవ్వరూ అడగలేదు మిస్."

దానికి ఫిర్యాల్ దగ్గర ఏ ఆటా లేదు. తలవంచుకుంది. ఉమ్ గాలిబ్ జపమాలను ఒడిలో పెట్టుకుని, మనవరాలిని కొత్తగా చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. రనీమ్ లేచి వచ్చి టీచరు చేతిలో ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

మరుసటి ఆదివారం రనీమ్ బడికొచ్చింది. తన బెంచీకి వెళ్లలేదు, నేరుగా కిటికీ కింద దిండు మీద కూర్చుంది. ఫిర్యాల్ ఆ రోజు తమ్ముడి కథ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి దండెం మీద ఆరని చొక్కా చెప్పింది, పెద్ద గిన్నె చెప్పింది, వంటింట్లోకి వినపడిన చప్పుడు చెప్పింది. కిందటి ఆదివారం తను అన్న మాటలూ చెప్పింది. చెబుతున్నంతసేపూ చెవులు మండిపోయాయి. నాన్న మాట వచ్చినప్పుడు ఈసారి కళ్లు తుడుచుకోలేదు.

పెద్దరికం చేసిన ఆ గొంతున్న పిల్ల చెయ్యెత్తింది. "అయితే మిస్, వాళ్లు ఎప్పటికీ తాగండి అనకపోతే?"

"అప్పుడు దాహంతోనే ఇంటికెళ్లాలి" అంది ఫిర్యాల్.

"మచ్చ కాదా మరి?"

"మనకే. వాళ్లకు కాదు."

ఆ మాట కిటికీ వైపు చూసి అనే ధైర్యం ఆవిడకు లేకపోయింది. బోర్డు వైపు తిరిగి తారీఖు రాసింది. బడి వదిలేదాకా రనీమ్ ఆ దిండు మీదే ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు.